నలభై రెండో రోజు: ఓరుగల్లు పల్లెల మద్యవిముక్తి చరిత్ర – ఏడవ భాగం

తాగుడు మానడం ఒక పని, మానిన తర్వాత నిలవడం మరొక పని అన్న సంగతి వైద్యులకూ, తాగే భర్తతో ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఇల్లాలికీ సమానంగా తెలిసినదే అయినా, మద్యం గురించి వచ్చిన చరిత్రలు మొదటి పనినే, అదీ దుకాణం మూతపడిన కథగానే, ఎక్కువగా నమోదు చేశాయి. ఈ ధారావాహిక గత భాగాలు కూడా ఆ దారినే నడిచి, నిజాం కాలపు ఆబ్కారీ గుత్తేదార్ల నుంచి 1995 నాటి సంపూర్ణ మద్యనిషేధం వరకు సరుకు చరిత్రనే చెప్పాయి. సరుకు ఆగిన తర్వాతనో, ఆగకుండానో తాగుడు మానిన మనిషిని పాత వరంగల్ జిల్లా పల్లెలు ఎట్లా నిలబెట్టుకున్నాయి, ఎక్కడ నిలబెట్టుకోలేకపోయాయి అన్నది ఈ భాగం విషయం.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానంగా ఆ పాత జిల్లాలోంచి విడివడినవే గాని, తాగుడు విషయంలో మూడింటి అలవాట్లూ ఒకటి కావు. మెట్టనేల జనగామది తాళ్ళ సీమ. పద్దెనిమిదో శతాబ్ది తొలి ఏళ్ళలో మొగలు అధికారాన్ని ధిక్కరించి, 1708లో వరంగల్ మీద దాడి చేసిన సర్వాయి పాపన్న ఇక్కడి ఖిలాషాపూర్‌ను కోటగా చేసుకున్న గీత కులస్థుడు కాబట్టి, కల్లు ఈ నేల మీద వృత్తితో పాటు చరిత్ర కూడా. భూపాలపల్లి అడవుల్లోనూ, మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం వైపు గూడేల్లోనూ కోయలకు ఇప్పసారా వేల్పుల కొలుపులో భాగం. మహబూబాబాద్ జిల్లా జనాభాలో గణనీయ భాగమైన లంబాడీల తండాల్లో పెళ్ళికీ, పండుగకూ దారు పోయడం పాత ఆనవాయితీ. ఆ లంబాడీలే తమ గురువు సేవాలాల్ మత్తుకు దూరంగా ఉండమన్నాడని కూడా చెప్పుకుంటారు.

ఈ మూడు అలవాట్లకూ పూర్వం తమవైన కట్టుబాట్లు ఉండేవి. కల్లు దించిన రోజే తాగాలి, నిలవ ఉంటే పులిసి పాడవుతుంది. ఇప్పపువ్వు వేసవి మొదట్లో మాత్రమే రాలుతుంది. కొలుపులో తాగేవాడు పదిమంది మధ్య, పెద్దల కళ్ళ ముందు తాగుతాడు. ఈ హద్దులన్నిటినీ చెరిపేసినది గుడుంబ. నల్లబెల్లాన్ని నీళ్ళలో కలిపి, పటిక వేసి, కొన్నాళ్ళు పులియబెట్టి, ఆ పానకాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టే ఈ నాటుసారాకు చెట్టుతో పని లేదు, ఋతువుతో పని లేదు, పండుగతో అసలే పని లేదు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో సారాను ప్లాస్టిక్ సంచుల్లో నింపి ఊరూరికీ చేర్చడం, ఆ తర్వాత పట్టణంలోని లైసెన్సు దుకాణం నుంచి సీసాలు తెచ్చి పల్లెలో గుడిసెలోనో కిరాణా కొట్టు వెనకనో అమ్మే బెల్టు షాపులు పుట్టడం ఇదే మార్పును మరింత ముందుకు తోశాయి. తాగుడు పదిమంది నడిమి నుంచి తొలగి ఒంటరి మనిషి పనిగా మారింది. చికిత్సకైనా సంఘానికైనా అసలు కష్టం ఇక్కడే మొదలైంది.

ఆ మార్పు ఎంత లోతుకు పోయిందో 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. దేశంలో 15 ఏళ్ళు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు 18.8 శాతం కాగా తెలంగాణలో 43.3 శాతం, స్త్రీలలో దేశపు సగటు 1.3 శాతం కాగా ఇక్కడ 6.7 శాతం. వీరందరూ తాగుడుకు బానిసలు కారు. మద్యం లేనిదే శరీరమూ మనసూ నడవని స్థితిని వైద్యులు వ్యసనాధీనత అంటారు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ కేంద్రం నిర్వహించి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వే ప్రకారం, ఆ స్థితిలో ఉన్న 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందికి దిక్కు ఇల్లూ ఊరే.

ఊరు ఈ సమస్యను పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో 1990ల ఆరంభంలో సాయుధ నక్సలైట్ల పీపుల్స్‌వార్ పార్టీ సారా అమ్మకాన్ని అడ్డుకుంది. వేలం పాటలు ఆగాయి, దుకాణాలు మూతపడ్డాయి. దాదాపు అదే కాలంలో కోస్తాలోని నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంతో మేల్కొన్న స్త్రీలు దూబగుంట నుంచి సారా వ్యతిరేక పోరాటాన్ని రగిలించారు. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయంలో కొంతకాలం గణితం బోధించిన పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ 1992లోనే ఆ పోరాటం మీద విశ్లేషణ రాశారు. ప్రభుత్వం 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధాన్ని అమలు చేసింది, 1997లో దాన్ని ఎత్తివేసింది. తుపాకీ భయంతో వచ్చిన మూత ఆ తుపాకీ ఉన్నన్నాళ్ళు నిలిచింది, చట్టంతో వచ్చిన మూత ఖజానా ఓర్చుకున్నన్నాళ్ళు నిలిచింది. ఈ రెండింటిలో ఏదీ, తాగుడు మానవలసి వచ్చిన కూలీని కూర్చోబెట్టి, రాత్రి నిద్ర పడుతోందా, చేతుల వణుకు తగ్గిందా అని అడిగే ఏర్పాటు చేయలేదు. స్త్రీల పోరాటం ఘనతను ఈ మాట తగ్గించదు. వారు చేయగలిగినదంతా చేశారు, ఆ తర్వాతి పని ప్రభుత్వానిది.

ఇటువంటి అనుభవం ఈ నేలకే పరిమితం కాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1840లో ఆరుగురు తాగుబోతులు ఒక సారాకొట్టులో కూర్చుని, ఇకపై తాగమని ప్రతిజ్ఞ చేసుకుని స్థాపించిన వాషింగ్టోనియన్ సంఘం, ఒకరి అనుభవం మరొకరికి చెప్పుకోవడమే చికిత్సగా లక్షలాది మందికి చేరింది. అయితే నిషేధ రాజకీయాల్లో, ఇతర వివాదాల్లో చిక్కుకుని కొన్నేళ్ళలోనే చెదిరిపోయింది. 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో బిల్ విల్సన్ అనే వ్యాపారి, బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు, ఇద్దరూ తాగుడు బాధితులే, కలిసి మొదలుపెట్టిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’, అంటే పేరు బయటపెట్టని మద్యబాధితుల సహవాసం, ఆ పాఠాన్ని గుర్తుపెట్టుకుని, బయటి వివాదాల మీద ఏ అభిప్రాయమూ ప్రకటించకూడదన్న నియమాన్ని తన సంప్రదాయంలో చేర్చుకుంది. ఈ పద్ధతి నిజంగా పని చేస్తుందా అన్న ప్రశ్నకు చాలాకాలం విశ్వాసమే జవాబుగా ఉండగా, 27 అధ్యయనాల్లోని 10,565 మంది వివరాలను 2020లో సమీక్షించిన కాక్రేన్ బృందం, నిరంతరంగా తాగకుండా ఉండటంలో ఈ సహవాస పద్ధతి ఇతర చికిత్సల కంటే మెరుగని తేల్చింది.

జనగామ ప్రాంతానికి సహవాస బలం కొత్తగా నేర్పవలసినదేమీ కాదు. 1944లో భువనగిరి మహాసభ తర్వాత పల్లెపల్లెకూ పాకిన ఆంధ్ర మహాసభను జనం క్లుప్తంగా ‘సంఘం’ అన్నారు. అప్పటికి నల్లగొండ జిల్లాలో ఉన్న జనగామ తాలూకాలో, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగినప్పుడూ, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుంచి దక్కించుకున్నప్పుడూ, ఒంటరిగా ఎవరూ చేయలేని పనిని చేయించినది ఆ సంఘమే. అర్ధశతాబ్దం తర్వాత పొదుపు కోసం పది పదిహేను మంది స్త్రీలు కూడిన చిన్న బృందానికి కూడా అదే పేరు స్థిరపడింది. ఊళ్ళోని ఆ బృందాలన్నీ కలిసిన సమాఖ్యను గ్రామైక్య సంఘం అంటారు. బెల్టు షాపు ముందు బైఠాయించినా, గుడుంబ పానకం పారబోయించినా ముందు నిలిచినవారు ఈ సంఘాల స్త్రీలే. 2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబను అరికట్టే పేరుతో చౌక మద్యం ప్రవేశపెట్టబోయి, నిరసనలు రావడంతో వెనక్కి తగ్గింది. తర్వాత గుడుంబ కాచి బతికే కుటుంబాలకు రెండేసి లక్షల రూపాయల పునరావాస సాయం ప్రకటించింది. కాచేవాడికి పునరావాసం ఉండాలన్న ఆలోచన సరైనదే. తాగేవాడికి కూడా అది ఉండాలన్న ఆలోచన మాత్రం ఆ పథకంలో లేదు.

మరి ఈ పల్లెల్లో తాగుడు మాన్పించే సామూహిక ఆచారం ఏదీ లేదా అంటే, ఏటా కార్తికం వచ్చేసరికి కళ్ళ ముందే కనిపించేది ఒకటి ఉంది. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి మండలం పాటు, అంటే 41 రోజులు, మద్యమాంసాలు ముట్టడు. వేసవికి ముందు హనుమాన్ దీక్ష తీసుకుని కొండగట్టులో మాల విరమించేవారిదీ అదే నియమం. దీన్ని భక్తిగా మాత్రమే చూసి వదిలేస్తే దాని నిర్మాణం అర్థం కాదు. మాల పడగానే మనిషి పేరు మారి ‘స్వామి’ అవుతాడు, నిన్నటి దాకా చీదరించుకున్నవారు కూడా ఆ పేరుతోనే పిలుస్తారు; దుస్తుల రంగు ఊరందరికీ అతని నియమాన్ని చాటుతుంది కాబట్టి గ్లాసు అందించే స్నేహితుడు తనంతట తానే తప్పుకుంటాడు; తెల్లవారుజామున చన్నీటి స్నానం, సాయంత్రం భజన, రాత్రి తోటి స్వాములతో కటిక నేల మీద పడక, ఇలా తాగుడుకు కేటాయించిన గంటలన్నీ వేరే పనితో నిండుతాయి; తడబడినప్పుడు చెప్పుకోవడానికి, ఏళ్ళ తరబడి ఆ దారిలో నడిచిన గురుస్వామి ఉంటాడు. కొత్త గుర్తింపు, తోడు, నిండిన పొద్దు, అనుభవజ్ఞుడి అండ అనే ఈ నాలుగూ ఆక్రన్‌లో మొదలైన సహవాసానికి కూడా ప్రాణాధారాలే కావడం గమనించదగినది.

అయితే మాల తీసిన మర్నాడు, నలభై రెండో రోజున, ఈ నాలుగూ ఒక్కసారిగా తొలగిపోతాయి. ‘స్వామి’ మళ్ళీ పాత పేరుకు దిగుతాడు, బృందం చెదిరిపోతుంది, సాయంత్రం ఖాళీ అవుతుంది, స్నేహితుడు తిరిగి వస్తాడు. దీక్షలో నిలిచి తర్వాత తాగినవాడిని చూసి ఊరు అతని మాటకు నిలకడ లేదని తీర్పు చెబుతుంది గాని, 41 రోజులు మానగలిగాడంటే మానే శక్తి ఉన్నట్టే, తర్వాత లేకుండా పోయినది చుట్టూ ఉన్న ఏర్పాటు. పాత వరంగల్ జిల్లాలో మద్యవిముక్తి చరిత్ర అంతా ఈ నలభై రెండో రోజు దగ్గరే ఆగిపోతూ వచ్చింది, సారా మూతకైనా, నిషేధ చట్టానికైనా, మాలకైనా.

దీక్ష విషయంలో వైద్యం చెప్పే హెచ్చరిక ఒకటి తప్పనిసరిగా గుర్తించాలి. ఏళ్ళ తరబడి రోజూ బాగా తాగేవాడు ఒక్కసారిగా మానితే, మద్యపు మత్తుకు అలవాటుపడిన మెదడు అదుపు తప్పి, మొదటి రోజే చేతులు వణకడం, చెమట, గాభరా మొదలై, రెండు రోజుల్లోపు మూర్ఛలు రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి లేనివి కనిపించి, స్థలకాలాలు తెలియని సన్నిపాతస్థితి, వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అనేది, కలుగుతుంది. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళే సమయంలో ప్రాణం పోవచ్చు. తగిన మాత్రలు, బి1 విటమిన్ అయిన థయమిన్, వైద్యుడి పర్యవేక్షణ ఉంటే ఈ దశ సాధారణంగా వారం రోజుల్లో దాటిపోతుంది. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మత్తుమందులు కలిపిన కల్లు మీద దాడులు జరిగి ఆ కల్లు ఉన్నట్టుండి దొరకకపోయేసరికి జనం పిచ్చెత్తినట్టు ప్రవర్తించి ఆస్పత్రుల పాలయ్యారు. 2020 మార్చి చివర లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇటువంటి రోగుల తాకిడి పెరిగింది. సరుకును ఆపేవారు ముందుగా వైద్యాన్ని సిద్ధం చేయకపోతే ఏమవుతుందో ఈ రెండు సంఘటనలూ చూపాయి.

నలభై రెండో రోజును దాటిన ఊరు ఏదైనా ఉందా అంటే, ఈ మూడు జిల్లాల సరిహద్దుకు కాస్త అవతల, వరంగల్ నుంచి నర్సంపేట వెళ్ళే దారిలో, గీసుగొండ మండలం గంగదేవిపల్లి కనిపిస్తుంది. మచ్చాపూర్‌కు శివారు పల్లెగా ఉండి 1990ల మధ్యలో స్వతంత్ర పంచాయతీ అయిన ఈ ఊరు 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం పొంది, నూటికి నూరుపాళ్ళ మరుగుదొడ్లకు, పన్ను వసూళ్ళకు, శుద్ధజలానికి దేశమంతటా పేరు తెచ్చుకుంది. చూడవచ్చేవారు ఆ మెరుగులనే రాసుకుని వెళ్తుంటారు గాని, ఆ వరుసలో అన్నిటికంటే ముందు జరిగిన పని 1980ల తొలినాళ్ళలో ఊరు మద్యాన్ని వద్దనుకోవడం. అప్పటికి దూబగుంట పోరాటం లేదు, రాష్ట్రంలో నిషేధం లేదు. తర్వాత నిషేధం వచ్చి పోయినా ఈ ఊరి మాట పోలేదు.

అది నిలవడానికి కారణం నిర్ణయంలోని కఠినత్వం కంటే, నిర్ణయం తర్వాత ఊరు తన కోసం కట్టుకున్న అల్లికలో ఉందని చెప్పాలి. మద్యనిషేధానికొక కమిటీ, మంచినీళ్ళకొకటి, పారిశుద్ధ్యానికొకటి, చదువుకొకటి, ఇలా ఇరవైకి పైగా కమిటీలు ఏర్పడి, దాదాపు ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక దానిలో సభ్యులయ్యారు. సర్పంచిగా పనిచేసిన కూసం రాజమౌళి వంటివారి నాయకత్వం, సింగారెడ్డి బాల థెరీసా, ఆమె భర్త, కెనడా దేశీయుడు ఆంద్రే జింగ్రా స్థాపించిన బాల వికాస సంస్థ తోడ్పాటు ఆ అల్లికకు బలమిచ్చాయి. సాయంత్రం పూట పంచాయతీ కార్యాలయంలో కమిటీ సమావేశానికి వెళ్ళవలసిన మనిషికి ఆ గంటలో తనకంటూ ఒక చోటు ఉంది, తన మాట వినేవారున్నారు, మర్నాడు తాను జవాబు చెప్పవలసిన పని ఉంది. దీక్ష 41 రోజులకు ఇచ్చే అండను గంగదేవిపల్లి ఏడాది పొడవునా, ఏ మాలా లేకుండా ఇచ్చింది. ఒకే చిన్న ఊరు కాబట్టి సాధ్యమైందన్న అభ్యంతరంలో నిజం ఉంది. అయితే ఈ మూడు జిల్లాల్లోని తండాలూ గూడేలూ అనేకం అంతకంటే చిన్నవి.

పేరు దాచుకునే పాశ్చాత్య పద్ధతి ఇటువంటి చోట అక్షరాలా కుదరదు. దేవరుప్పులలోనో, గూడూరులోనో, మహదేవ్‌పూర్‌లోనో ఎవరు తాగుతారో, ఎవరు మానారో దాచినా దాగదు. కాబట్టి ఇక్కడి సహవాసం అజ్ఞాతం మీద కాక గౌరవం మీద నిలబడాలి. తమిళనాడులో శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన టీటీకే ఆస్పత్రి ఈ సంగతి గ్రహించి, 1989లో నాటి తంజావూరు జిల్లా మంజక్కుడి గ్రామంలో చికిత్స శిబిరం పెట్టింది. వైద్యులూ సలహాదారులూ ఊళ్ళోకే వచ్చి, అక్కడే బస చేయించి మాన్పించే ఆ శిబిరంలో, రోగులను గుర్తించడం, భోజనం ఏర్పాటు చేయడం, శిబిరం ముగిశాక వారిని కనిపెట్టి ఉండటం ఊరివారి బాధ్యత. కర్ణాటకలో ధర్మస్థల గ్రామాభివృద్ధి సంస్థ మద్యవర్జన శిబిరాలు ముగిశాక మానినవారిని ‘నవజీవన సమితి’ పేరుతో సంఘాలుగా కలుపుతుంది. నలభై రెండో రోజుకు అది జవాబు. గోవాలో డాక్టరు చదువు లేని సలహాదారులే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో కొద్దిపాటి సంభాషణలతో హానికరమైన తాగుడును తగ్గించగలిగారని 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన అధ్యయనం చూపింది: మూడు నెలల తర్వాత ఆ సలహా అందినవారిలో 36 శాతం, అందనివారిలో 26 శాతం ప్రమాదస్థాయి నుంచి బయటపడ్డారు.

ఊరి కట్టడికి ఉన్న చీకటి కోణాన్ని కూడా దాచకూడదు. తీర్మానాలు చాలా చోట్ల జరిమానాతో మొదలై జరిమానాతోనే ముగుస్తాయి. జారిపోయినవాడు, అంటే మాని మళ్ళీ తాగినవాడు, జరిమానాకు భయపడి చాటుగా తాగుతాడే గాని సంఘం దగ్గరకు రాడు. భర్త కట్టవలసిన జరిమానా చివరికి భార్య పొదుపులోంచి పోతుంది. వైద్యశాస్త్రం జారడాన్ని ఈ జబ్బు లక్షణంగానే పరిగణిస్తుంది; క్షయరోగం తిరగబెట్టినవాడికి ఎవరూ జరిమానా వేయరు. అమ్మేవాడిపై కఠినంగా, మానేవాడిపై దయగా ఉండగల సంఘమే ఈ పని చేయగలదు. ఆ రెండింటి తేడా స్త్రీలకు బాగా తెలుసు. అయినా దుకాణాన్ని ఎదిరించే భారం, ఇంట్లో మనిషిని కాచుకునే భారం రెండూ వారి మీదే వేసి, మగవారి సంఘాలు, కుల సంఘాలు, యువజన సంఘాలు, భూపాలపల్లి గనుల్లోని కార్మిక సంఘాలు పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

వైద్యం విషయంలో ఈ జిల్లాల స్థితి గత కొన్నేళ్ళలో మారింది. ఒకప్పుడు మూర్ఛలు వచ్చిన మనిషిని బస్సులోనో, ఆటోలోనో వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి మోసుకువెళ్ళవలసి వచ్చేది. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మొదటి వారం వైద్యానికి వాటి అనుబంధ ఆస్పత్రులు ఉన్నాయి. ఆ తర్వాతి వారాలకు గ్రామైక్య సంఘాలు ఉన్నాయి. ఈ రెండింటికీ మధ్య దారి వేయవలసినవారు జిల్లా అధికారులూ, ఊరి పెద్దలూ, ఈ వ్యాసం చదువుతున్న పాఠకులూ. సంఘం నెలవారీ సమావేశంలో అప్పుల కిస్తుల లెక్క ముగిశాక, ఈ నెల ఎవరింట్లో తాగుడు మానారు, వారింటికి సాయంత్రం ఎవరు వెళ్తున్నారు అన్న రెండు ప్రశ్నలు అడగడానికి కొత్త పథకం గాని, కొత్త నిధులు గాని అక్కర్లేదు. మాల తీసిన స్వాములు నెలకొకసారైనా అదే పీఠం దగ్గర కూడి, ఒకరి క్షేమం ఒకరు అడగడానికీ ఏ అనుమతీ అవసరం లేదు. తాగుడు మానాలనుకునేవారు, వారి ఇంటివారు ముందుగా మాట్లాడదలిస్తే, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ 14416 నంబరులో, తెలుగులో కూడా, రాత్రింబగళ్ళు ఉచితంగా అందుబాటులో ఉంది.